ఆ పిల్ల ఇంకా తినలేదు

రోగిని పాలు కావాలా టీ కావాలా అని ఇంగ్లీషులో అడగడానికి నూటయాభై ఏళ్ళ కిందటి నవల ఎందుకు చదవాలో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ఆస్పత్రివాళ్ళని అడిగితే పరీక్షల బోర్డు పెట్టిందన్నారు. బోర్డువాళ్ళని అడిగితే సిలబస్ కమిటీ ఎంపిక చేసిందన్నారు. ఆ కమిటీలో ఎవరైనా ఎప్పుడైనా భోజనాల ట్రాలీ తోశారా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది గాని, మింగేశాను. నాది ఆస్పత్రి పనివాళ్ళకి ఇంగ్లీషు చెప్పే జీతంలేని కొలువు. నోరు జారితే అదీ ఉండదు.

సంగతేమిటంటే, మా ఆస్పత్రిలో వంటగదిలోనో లాండ్రీలోనో లిఫ్టు దగ్గరో పనిచేసేవాళ్ళు వార్డు అటెండెంటు పోస్టుకి మారాలంటే ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష పాసవ్వాలి. పరీక్షకురాలి ఎదురుగా కూర్చుని ఆ నవల కథని కాసేపు ఆగకుండా చెప్పాలి. తరవాత ఆవిడ అడిగేదానికి జవాబివ్వాలి. అడిగేది కూడా అందరికీ తెలిసిందే, ఏటా అదే ప్రశ్న. ఆ పిల్ల కష్టాలకు బాధ్యులెవరు?

కథ కూడా చెప్పేస్తాను, లేకపోతే నా అవస్థ మీకు అర్థం కాదు. ఒక పిల్ల. తల్లి అద్దెగదిలో దగ్గి దగ్గి చనిపోతుంది. పిల్లని అనాథల ఇంట్లో చేరుస్తారు. ఆ ఇంటి పెద్దావిడ పిల్లని చేతితొడుగులు కుట్టించే వ్యాపారికి ఇచ్చేస్తుంది. అతను పిల్ల కళ్ళు మసకబారేదాకా కుట్టించుకుని ఒక బడి వంటింట్లో గిన్నెలు తోమడానికి పంపుతాడు. జ్వరం తగిలిందని బడివాళ్ళు మళ్ళీ అనాథల ఇంటికే తోలేస్తారు. అక్కడ చోటు లేదంటారు. మంచు కురుస్తుంటే పిల్ల ఆ ఇంటి మెట్లమీద కూర్చుని ఉంటుంది. ఆఖరి అధ్యాయంలో, అంతవరకూ ఏ గంగలో ఉన్నాడో తెలియని మేనమామ ఒకాయన గుర్రబ్బండి దిగి పిల్లని ఎత్తుకుపోతాడు. ఇంతే. దీన్ని ఆ మహానుభావుడు చాంతాడంత వాక్యాలతో రాశాడు. పరీక్ష కోసం మాకిచ్చింది కుదించిన ప్రతి. కుదించినవాళ్ళు కథని కుదించారు గాని వాక్యాల జోలికి పోలేదు.

క్లాసు ఉతికిన దుప్పట్లు పెట్టే గదిలో జరిగేది. గోడ అవతల బాయిలరు ఉండడంవల్ల గది ఎప్పుడూ వెచ్చగా ఉండేది. బల్లలు లేవు. దిండ్ల మూటలమీద కూర్చునేవాళ్ళం. ఇనప బీరువా తలుపే నా నల్లబల్ల. సుద్దముక్కతో రాస్తే దుప్పట్ల మీద పొడి పడుతోందని లాండ్రీవాళ్ళు గోలపెట్టారు. అప్పట్నుంచి తడిగుడ్డ ఒకటి భుజాన వేసుకుని, రాసిన మాట రాసినట్టే తుడిచేస్తూ పాఠం చెప్పేవాణ్ణి. దూరంనుంచి చూస్తే బీరువాకి స్నానం చేయిస్తున్నాననుకోవాలి.

విద్యార్థులు నలుగురు. ఒకాయన లిఫ్టు నడిపే మనిషి, నాకంటే రెండు మూడేళ్ళే చిన్న. ఆస్పత్రి అంతా ఆయన్ని లిఫ్టు బాబాయి అంటుంది. ఇద్దరు లాండ్రీలో పనిచేసే తోడికోడళ్ళు. వాళ్ళని పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలిచేవాళ్ళు. ఇంట్లో ఏదో పట్టింపు వచ్చి ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. అయితే క్లాసులో ఇంగ్లీషులో మాత్రం మాట్లాడుకునేవాళ్ళు. ఇంగ్లీషు లెక్కలోకి రాదని వాళ్ళ ఒప్పందం. "నీ ఆరోగ్యం ఎలా ఉంది?" అని పెద్దకోడలు పాఠంలోది చదివితే, "చాలా బాగుంది, ధన్యవాదాలు," అని చిన్నకోడలు పళ్ళు కొరుకుతూ చదివేది. నేను ఆ పాఠాన్ని కావాలనే ఎక్కువసార్లు చెప్పించేవాణ్ణి.

నాలుగో మనిషి వార్డులకు భోజనాల ట్రాలీ తోసే అమ్మాయి. ఆమె పేరే ట్రాలీ అయిపోయింది. ముప్పై దాటి ఉంటుంది. నా తలనొప్పి అంతా ఆమెతోనే.

ఆమె మొద్దు అని కాదు. మొద్దు అయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు. వంటగది డ్యూటీ తెల్లారకముందే మొదలవుతుంది. ఆమె ఇల్లు వదిలేసరికి ఎనిమిదేళ్ళ కూతురు నిద్రలో ఉంటుంది. పిల్లని లేపి, జడవేసి, బడికి తోలేది పక్కింటి పెద్దమ్మ. ఆ పెద్దమ్మ నెలాఖరుకి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతోంది. వార్డు అటెండెంటుకైతే పగటి డ్యూటీ ఉంటుంది, పిల్లని బడికి పంపి రావచ్చు. ఇప్పటికే రెండుసార్లు పరీక్ష తప్పింది. మూడోసారి తప్పితే ఏడాదిదాకా మళ్ళీ కూర్చోనివ్వరు. ఏడాదిపాటు ఆ పిల్ల చీకట్లో ఒంటరిగా లేచి తలుపు గడియ తీసుకోవాలి. ఇదంతా ఆమె నాకు ఏడుస్తూ చెప్పలేదు. దుప్పట్లు ఎంచుతున్నట్టు చెప్పింది.

రెండుసార్లూ తప్పింది ఒకటే కారణంతో. మధ్యలో ఆగిపోయింది. కంఠస్థం చేసిన వాక్యం మరిచిపోతే నీళ్ళు నమిలి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేది. రెండోసారీ అక్కడే ఆగేది. మాట్లాడకుండా కూర్చుంటే తప్పించేయమని బోర్డు నియమం.

అందుకని ఈసారి నేనే ఒక పేరా రాసిచ్చాను. ఇరవైఏళ్ళు కాలేజీ పిల్లలకు ఇలాంటివి రాసిచ్చిన చెయ్యి. బీదరికం పిల్లల బాల్యాన్ని ఎలా కబళిస్తుందో చెప్పి, నలుగురు దోషులను వరసగా నిలబెట్టాను. అనాథల ఇంటి పెద్దావిడ, చేతితొడుగుల వ్యాపారి, బడి యజమాని, వాళ్ళందరి వెనకా సమాజం. చక్కగా ఉంది. నాకే ముచ్చటేసింది.

చదివి వినిపించగానే ట్రాలీకి అనుమానం వచ్చింది.

"ఆ పెద్దావిడ దగ్గర డ్యూటీలో ఎంతమంది ఉన్నారు మాస్టారూ?"

రాయలేదన్నాను. అంతమంది పిల్లలకి ఒక్క మనిషేనా, రెండో మనిషి సెలవులో ఉందా అని లిఫ్టు బాబాయి అందుకున్నాడు. ఆవిడ చెడ్డది, రచయితే స్వయంగా చెప్పాడు, కావాలంటే పదకొండో పేజీ చూడండి అన్నాను. ఆయన అక్కడ ఒక షిఫ్టయినా చేశాడా అని పెద్దకోడలు అడిగింది. చేసుంటే అంత పొడుగు వాక్యాలు రాసే తీరిక ఉండదని చిన్నకోడలు అంది. అంతలోనే, ఇద్దరూ ఒక మాటమీద నిలబడ్డామని గుర్తొచ్చి చెరోవైపు తిరిగి కూర్చున్నారు.

నాకు తలప్రాణం తోకకొచ్చింది. వీళ్ళకి ఆ పిల్లమీద జాలి లేక కాదు. మంచులో కూర్చున్న ఘట్టం చదువుతుంటే చిన్నకోడలు చేతిలో ఉన్న దుప్పటి మడత విప్పి తన ఒళ్ళోనే పరుచుకుంది. కాని తప్పు ఎవరిదో చెప్పమంటే మాత్రం నలుగురూ మూగనోము పట్టేవాళ్ళు. గోడకి చెప్పినా కాస్త ప్రతిధ్వని వినిపిస్తుంది.

కారణం ట్రాలీయే చెప్పింది. ఆస్పత్రిలో షిఫ్టు మారేటప్పుడు, దిగే మనిషి ఎక్కే మనిషికి గుమ్మం దగ్గర నిలబడి పని అప్పగించాలి. వాళ్ళు దాన్ని హ్యాండోవర్ అంటారు. ఏముంది, ఏం జరిగింది, ఏం మిగిలింది. ఈ మూడే చెప్పాలి. ఎవరివల్ల జరిగిందో నోరెత్తకూడదు. ఇదివరలో ఒకసారి పాలు విరిగిపోయిన సంగతి అప్పగిస్తూ నీవల్లంటే నీవల్లని రెండు షిఫ్టులూ గుమ్మంలోనే కొట్లాటకు దిగితే, పై అంతస్తులో రోగులు పొద్దెక్కేదాకా ఖాళీ కడుపులతో ఉండిపోయారట. ఆరోజునుంచి వంటగది ఇన్‌ఛార్జి నియమం పెట్టింది. ఎవరు చేశారన్నది ఆఫీసులో చెప్పుకోండి, గుమ్మం దగ్గర మాత్రం ఏం మిగిలిందో చెప్పండి. నర్సులు రకరకాల దేశాలవాళ్ళు కాబట్టి అప్పగింత అంతా ఇంగ్లీషు ముక్కల్లోనే.

"అలవాటైపోయింది మాస్టారూ. నోరు అటు తిరగదు," అంది ట్రాలీ.

ఆ అలవాటే నా కొంప ముంచుతోంది. కథ చెప్పమంటే ఆమె లేచి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, "పిల్ల, ఒకరు. తల్లి, లేదు. దుప్పటి, లేదు," అని మొదలుపెట్టేది. ఇది కథ కాదు తల్లీ, సామాను జాబితా అనేవాణ్ణి. కర్త ఏది, క్రియ ఏది, ఒక విశేషణమైనా వేసుకో అని బతిమాలేవాణ్ణి. సరేనని తలూపి, నా పేరా ఎత్తుకుని, రెండో వాక్యం దగ్గర ఆగిపోయేది. చివరికి విసుగెత్తి, ఆ హ్యాండోవర్ భాష ఈ గదిలో వినబడకూడదని ఆంక్ష పెట్టాను. ఆమె బాధపడలేదు. ఇంకో నియమం వచ్చిందన్నట్టు గుర్తుపెట్టుకుంది.

నిజానికి ఆ భాష నాకు కొత్త కాదు. నా భార్య చివరి వారాలు ఈ ఆస్పత్రి మూడో అంతస్తులోనే గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంటే నేను కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. గుమ్మం దగ్గర ట్రాలీ తోసే మనిషి తరవాతి షిఫ్టు మనిషికి అప్పగిస్తోంది. "కిటికీ పక్క అమ్మ. టీ గోరువెచ్చగానే తాగుతుంది. మెత్తటి బ్రెడ్డు తీసుకోలేదు. పెండింగ్ ఒకటి. ఆయన పొద్దున్నుంచి తినలేదు." ఆ ఆయన ఎవరా అని అటూ ఇటూ చూశాను. గదిలో నేను తప్ప మగవాడు లేడు. కాసేపటికి కొత్తమనిషి వచ్చి, నన్నేమీ అడగకుండా, ఒక కప్పు టీ, రెండు బ్రెడ్డు ముక్కలు కిటికీ గట్టుమీద పెట్టి వెళ్ళిపోయింది. ఆరోజు అప్పగించిన గొంతు ఎవరిదో చాలా నెలల తరవాత, ఈ దుప్పట్ల గదిలోనే గుర్తుపట్టాను. ఆమెకి గుర్తులేదు. అలాంటివి రోజుకెన్నో అప్పగిస్తుంది.

క్లాసు చెప్పడానికి ఒప్పుకున్నప్పుడు అది గుర్తుండే ఒప్పుకున్నాను. విశేషణాలు లేవని అరుస్తున్నప్పుడు మాత్రం గుర్తురాలేదు.

పరీక్షరోజు వచ్చింది. పాలనా విభాగంలోని మీటింగు గదిలో పెట్టారు. పొడుగు బల్ల, దానికి ఒక చివర పరీక్షకురాలు, పక్కన దగ్గుబిళ్ళల సీసా. ఆవిడకి జలుబు. మాట్లాడటం ఇష్టంలేని జలుబు. గురువులు గోడవార కూర్చోవచ్చు, పెదవి కదపకూడదు అని చెప్పి నన్ను కిటికీకింద కుర్చీలో పడేశారు.

లిఫ్టు బాబాయి మొదట వెళ్ళాడు. కళ్ళు పైకప్పుకి ఆనించి, నా పేరాని ఏ అంతస్తులోనూ ఆపకుండా పైనుంచి కిందకి దించేశాడు. నలుగురు దోషులనీ ఒక్క ఊపిరిలో చెప్పాడు. పాస్. పెద్దకోడలు కూడా అదే పేరా అప్పజెప్పింది. బాధ్యులెవరంటే అనాథల ఇంటి పెద్దావిడ అంటూ, తెరిచిన తలుపులోంచి వరండాలో కూర్చున్న చిన్నకోడలివైపు చూసింది. పాస్. చిన్నకోడలు వెళ్ళి దోషులను అదే వరసలో చెప్పి, ఇంటి పెద్దరికం ఉన్నవాళ్ళదే మొదటి తప్పని ఒక ముక్క సొంతంగా చేర్చింది. దానికి పరీక్షకురాలు మెచ్చుకోలుగా తల కూడా ఊపింది. పాస్.

ట్రాలీ లోపలికొచ్చింది. కొత్తగా ఉతికిన చీర. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. మొదటి వాక్యం చక్కగా చెప్పింది. బీదరికం బాల్యాన్ని కబళిస్తుంది. రెండో వాక్యం సగందాకా వచ్చింది. ఆగింది.

ఆమె నీళ్ళు నమిలి మళ్ళీ మొదటి వాక్యానికి వెళ్ళింది. మళ్ళీ అక్కడే ఆగింది. పరీక్షకురాలు దగ్గుబిళ్ళ నోట్లో వేసుకుని గడియారం చూసింది. కలం తీసింది. ఆ తరవాతి మాట నా నాలుకమీదే ఉంది, అందించడానికి వీల్లేదు. ట్రాలీ గోడవైపు చూస్తోంది గాని గోడని చూడడంలేదు. తెల్లారకముందు గడియ తీసుకునే చిన్న చెయ్యి ఆమెకి కనిపిస్తోందేమో. నాకైతే కనిపించింది.

అప్పుడు షిఫ్టు మారే గంట మోగింది.

ఆ గంట ఆస్పత్రి అంతటా మోగుతుంది, ఆపరేషను గదుల్లో తప్ప. ట్రాలీ చటుక్కున కుర్చీలోంచి లేచింది. నిలువుగా నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. ఏం జరగబోతోందో నాకు అర్థమై కళ్ళు మూసుకున్నాను.

"పిల్ల, ఒకరు. వయసు ఎనిమిది," అంది. కుదించిన పుస్తకంలో వయసే లేదు. "తల్లి పోయింది, దగ్గు. పిల్లని అనాథల ఇంటికి పంపారు. కాయితం పంపలేదు. అక్కడ బ్రెడ్డు సన్నముక్క, పాలు లేవు. పిల్ల ఏడవలేదు. అక్కడినుంచి కుట్టుపనికి పంపారు. దీపం ఒకటి, పిల్లలు పదిమంది. కళ్ళు నీరు కారుతున్నాయి. కళ్ళ సంగతి ఎవరికీ చెప్పలేదు. అక్కడినుంచి బడి వంటింటికి. నీళ్ళు చల్లనివి. చేతులు పగిలాయి. జ్వరం. జ్వరం ఎప్పుడు మొదలైందో చూసినవాళ్ళు లేరు. అక్కడినుంచి మళ్ళీ మొదటి ఇంటికి. చోటు లేదు. ఇప్పుడు పిల్ల మెట్లమీద ఉంది. బయట మంచు. చెప్పులు తడి."

ఎక్కడా ఆగలేదు. ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగానే ఉంది. కర్తకి క్రియ లేదు, క్రియకి కాలం లేదు. కాని నీళ్ళధార తెగనట్టు వస్తోంది. నేను కళ్ళు తెరిచేసరికి పరీక్షకురాలు కలం పక్కన పెట్టి వింటోంది. బుగ్గలోని దగ్గుబిళ్ళ కదలడంలేదు.

"పెండింగ్ ఒకటి," అంది ట్రాలీ. "పిల్ల ఇంకా తినలేదు. వచ్చేవాళ్ళు చూడాలి."

చెప్పి, అవతలిమనిషి అందుకున్నానని అనేదాకా కదలకూడదన్నట్టు, అలాగే నిలబడింది. పరీక్షకురాలు అసంకల్పితంగా తలూపింది. అప్పుడు కూర్చుంది.

నేను కిటికీ గట్టువైపు తిరిగి కాసేపు బయటికి చూశాను.

తరవాత ఆవిడ గొంతు సవరించుకుని ఏటా అడిగే ప్రశ్న అడిగింది. ఆ పిల్ల కష్టాలకు బాధ్యులెవరు? చెప్పు తల్లీ, నలుగురున్నారు, ఒక్కరినైనా చెప్పు అని నేను మనసులో మొక్కుకున్నాను.

"అది ఆఫీసులో చెప్పాలి మేడమ్," అంది ట్రాలీ. "ఇక్కడ చెప్పకూడదు."

నాకు తల బాదుకోవాలనిపించింది. ఈ నియమం నూటయాభై ఏళ్ళ కిందటి విదేశీ అనాథల ఇంటికి వర్తించదని ఏ భాషలో చెప్పాలి ఈమెకి. పరీక్షకురాలు కూడా అదే ప్రశ్న ఇంకోసారి, ఈసారి నెమ్మదిగా, చెవిటివాళ్ళని అడిగినట్టు అడిగింది. ట్రాలీ ఆలోచించింది.

"అందరూ డ్యూటీలోనే ఉన్నారు మేడమ్," అంది చివరికి. "హ్యాండోవరే ఎవరూ తీసుకోలేదు."

ఆవిడకి అర్థం కాలేదు. దేన్ని తీసుకోలేదని అడిగింది. ట్రాలీ మళ్ళీ అదే మాట చెప్పింది. ఆవిడ భుజాలు ఎగరేసి, రాసుకుని, వెళ్ళమంది.

అందరూ అయిపోయాక నేను ఆగలేక బల్ల దగ్గరికి వెళ్ళాను. మర్యాద తప్పకుండానే అడిగాను, కాని గొంతు కొంచెం లేచినట్టుంది. ఆవిడ మార్కుల కాయితం తిప్పి చూపించింది. ధారాళంగా మాట్లాడటం అన్నచోట పూర్తి మార్కులు. నవల అర్థం చేసుకోవడం అన్నచోట అడుగున. దోషులలో ఒక్కరినైనా చెప్పలేదు కదండీ, మిగతా ముగ్గురూ ఎంత చక్కగా నలుగురినీ చెప్పారు, సమాజంతో సహా, అంది. ఆ ముగ్గురికీ ఏమీ అర్థం కాలేదండీ, అది నా పేరా, అనబోయాను. అంటే వాళ్ళ మూడు పాసులూ ఎగిరిపోతాయి. నోరు మూసుకున్నాను. ఇంత కోపంలోనూ నోరు మూయించే బుద్ధి నాకుండడం అదృష్టమే.

రెండూ కలిపితే ట్రాలీ గట్టెక్కింది. అంచుమీద, ఒక వేలు ఆనించి. అయినా గట్టే.

వరండాలో ఆమె గోడకి ఆనుకుని ఉంది. పాసయ్యావని చెప్పాను. ఒక్కసారి కళ్ళు మూసి తెరిచింది. మీరు వద్దన్న భాషే వచ్చేసింది మాస్టారూ, గంట మోగిందిగా అని నొచ్చుకుంది. పోనీలే అన్నాను. కాని పంతులి పురుగు ఊరుకోదు. ఆఖరి అధ్యాయం వదిలేశావేం, మేనమామ వచ్చాడుగా, పిల్లని మెట్లమీదే వదిలేస్తే ఎలా అని అడిగాను.

"వచ్చాడు," అంది. "ఎత్తుకున్నాడు, ఏడ్చాడు, శాలువా కప్పాడు. ఒకటిన్నర పేజీ మాట్లాడాడు కూడా. తిండి పెట్టినట్టు ఎక్కడా లేదు మాస్టారూ. నేను రెండుసార్లు చూశాను. మరి పెండింగ్ కొట్టేస్తే ఎలా?"

అది కథ తల్లీ, మేనమామ వచ్చాడంటే తిండి పెట్టినట్టే లెక్క, అన్నీ రాయరు అన్నాను. రాయకపోతే చేసినట్టు కాదని ఆమె పట్టు. ఇద్దరం మెట్లు దిగేదాకా వాదించుకున్నాం. పాసైన విద్యార్థినితో ఇంకా పాఠం దగ్గర దెబ్బలాడుతున్నది ఈ ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, పడుకుందామనుకుని, పడుకోలేకపోయాను. కాలేజీరోజుల్లో చదివిన అసలు పుస్తకం, కుదించనిది, ఇంట్లోనే ఉంది. నా భార్య ఎప్పుడో అట్ట వేసిపెట్టింది. ఆ అట్టమీద పాలగ్లాసు గుండ్రటి మరక ఉంది. ఆ మరక నాదేనని ఆమె, ఆమెదేనని నేను ఎన్నేళ్ళో పోట్లాడుకున్నాం. ఆఖరి అధ్యాయం తీశాను. గుర్రబ్బండి వచ్చింది. మేనమామ దిగాడు. ఎత్తుకున్నాడు, ఏడ్చాడు. శాలువా. ఉపన్యాసం కుదించినదానికంటే నాలుగింతలు పొడుగుంది. అక్షరం వదలకుండా చదివాను, తిట్టుకుంటూ చదివాను. ఉపన్యాసం అయ్యాక బండి బయల్దేరింది. దారిలో ఒక పూటకూళ్ళ ఇంటి దగ్గర గుర్రాలకి నీళ్ళు పట్టడానికి ఆపారు. అక్కడ, గుర్రాల సంగతుల మధ్య, ఒక్క వాక్యం. ఆ ఇంటావిడ, ఎవరూ అడక్కుండానే, పిల్ల చేతిలో బ్రెడ్డు ముక్క, వేడిపాల గ్లాసు పెట్టింది.

కుదించిన పెద్దమనుషులు ఉపన్యాసం ఉంచి పాలు తీసేశారు.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కమిటీని నిలబెట్టి కడిగేయాలనిపించింది. కాని దానికంటే ముందు చెప్పాల్సిన మనిషి ఒకరున్నారు.

నెల మారిన మొదటి పనిరోజు పొద్దున మూడో అంతస్తుకి వెళ్ళాను. ట్రాలీ కొత్త నీలంకోటు వేసుకుని, వార్డు గుమ్మం దగ్గర అప్పగింత తీసుకుంటోంది. ఎదుటి మనిషి చెప్పడం అయ్యేదాకా ఆగాను. నన్ను చూసి నవ్వింది. పిల్లని బడికి పంపావా అంటే, పంపాను గాని జడ వంకరగా వేశానని అలిగి వెళ్ళింది మాస్టారూ, పక్కింటి పెద్దమ్మ బాగా వేసేదట అంది. ఆ అలకని ఆమె రెండుసార్లు చెప్పింది.

నేను గుమ్మం ఇవతల నిలబడ్డాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఈ వయసులో ఇదేం వేషమని ఎవరైనా అనుకుంటారేమోనని ఒకసారి వరండా చూసుకుని చెప్పాను.

"పెండింగ్ ఒకటి ఉండిపోయింది కదమ్మా. అది అయిపోయింది. పిల్ల తిన్నది. పెద్ద పుస్తకంలో ఉంది."

ఆమె నవ్వలేదు. ఏం పెట్టారని అడిగింది.

"బ్రెడ్డు. వేడిపాలు. దారిలో పూటకూళ్ళ ఇంటావిడ పెట్టింది."

"మేనమామ కాదన్నమాట," అంది. తరవాత ఇంకొంచెం ఆలోచించి, "కడుపునిండానా?" అంది.

అది రాయలేదన్నాను.

ట్రాలీ నాలుక చప్పరించి, నన్నూ ఆ రచయితనీ కలిపి ఒక్క చూపు చూసింది.

"రాయొద్దూ మరి," అని, లోపలికి వెళ్ళి కిటికీ పక్క మంచం మనిషిని పాలా టీయా అని అడిగింది.